మేకపిల్ల పారితే ముందు కాటా, తర్వాత సీసా

తొలకరి పడి, కాలువలకు నీళ్లు వదిలిన నెలా నెలన్నరకు మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల రకం మారుతుంది. అది నాట్ల కూలి గురించి కాదు, ఇళ్లస్థలాల పట్టాల గురించి కాదు. "అన్నా, మేకపిల్ల పారతంది" అనే మాట. వ్యవసాయ కార్మిక సంఘం వాళ్లకు మేకల గొడవ ఎందుకని మొదట్లో మేమూ అనుకున్నాం. సెంటు భూమి లేని ఇంట్లో మేక అంటే బ్యాంకు. పిల్ల చదువు ఫీజుకు, ఆస్పత్రి ఖర్చుకు, నాట్లు కోతలు లేని రోజుల్లో బియ్యానికి అమ్ముకునేది దాన్నే. ఆ బ్యాంకు దివాలా తీసే కాలం శ్రావణ భాద్రపదాలు.

బందరు కాలువ గట్టున ఒక పేటలో మా సంఘంలో పనిచేసే అక్క ఒకామె వుంది. ఆమెకు రెండు ఆడమేకలు, నాలుగు పిల్లలు. పిల్లలు నెల దాటి నాలుగైదు రోజులయింది, ఇంకా పాలు తాగుతున్నాయి, గడ్డి అప్పుడే కొరకడం నేర్చుకుంటున్నాయి. ఒకదాని వెంట ఒకటి పారుకోవడం మొదలుపెట్టాయి. అడిగితే మేమే చెప్పాం, "నట్టలమందు పొయ్యక్కా, తగ్గుతుంది" అని. ఆమె మందుల షాపుకు పోయి సీసా తెచ్చి, తలా ఒక మూతెడు పోసింది. తగ్గలేదు. మళ్లీ పోతే షాపతను ఒక ఇంజెక్షను, ఒక బలం టానిక్కు, ఒక పొడి ఇచ్చాడు. రెండు రోజుల కూలి అక్కడ పెట్టింది. అయిదో రోజుకు రెండు పిల్లలు పోయాయి. మూడోదాన్ని గోనెసంచిలో వేసుకుని, దాని పేడ కొంచెం ప్లాస్టిక్ కవరులో కట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పేడను ఉప్పు నీళ్లలో కలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. "ఇందులో నట్టల గుడ్లు లేవయ్యా. ఇది కాక్సీడియా. మీరు పోసిన మందు దీన్ని ముట్టుకోను కూడా ముట్టుకోదు" అన్నాడు. అయిదు రోజుల పొడిమందుతో ఆ పిల్లా, ఇంటి దగ్గరున్న నాలుగోదీ బతికాయి. ఆ పొడి ఖర్చు ఆమె కొన్న టానిక్కులో నాలుగో వంతు కూడా లేదు.

పోయిన రెండు పిల్లల చావులో షాపువాడి అత్యాశకు ఎంత వాటా వుందో, మా తొందరపాటు మాటకూ అంత వాటా వుంది. తర్వాత ఆ డాక్టరు దగ్గరా, మరికొందరి దగ్గరా కూర్చుని మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మేకపిల్ల కడుపులో వుండేవన్నీ ఒక జాతివి కావు. అదే అసలు సంగతి. కాక్సీడియా పురుగే కాదు, కంటికి కనపడని ఏకకణ జీవి. అది పేగు గోడలోకి దూరి లోపల చీల్చేస్తుంది. మూడు వారాల నుంచి నాలుగైదు నెలల వయసు పిల్లలకు దీని బాధ ఎక్కువ. తోక, వెనక కాళ్లు పేడతో అంటుకుపోతాయి, పేడలో జిగురు, ఒక్కోసారి నెత్తురు జీర కనపడుతుంది, పిల్ల ముక్కుతూ నిలబడుతుంది. తడిసిన దొడ్డి, ఇరుకు, పెద్ద మేకల పెంటికల మీదే పిల్లలు పడుకోవడం దీనికి మూలం. దీనికి ఆంప్రోలియం అనే మందు, లేదా డాక్టరు రాసే సల్ఫా మందు. ఆంప్రోలియం మన కోళ్లఫారాల వాళ్లకు బాగా తెలిసిన పొడే. 20 శాతం పొడి అయితే 8 కిలోల పిల్లకు రోజుకు 2 గ్రాములు, నీళ్లలో కలిపి నోట్లో పోయాలి, అయిదు రోజులు. మొత్తం 10 గ్రాములు. ఎక్కువ పోస్తే త్వరగా తగ్గుతుందనుకుని మోతాదు పెంచినా, వారాల తరబడి సాగదీసినా బి-1 విటమిను లోపం వచ్చి పిల్ల తూలిపోతుంది. పారుకునే పిల్ల ముందు చచ్చేది ఒంట్లో నీరు పోయి. కాబట్టి మందుతో పాటు కొంచెం ఉప్పు, బెల్లం కలిపిన గోరువెచ్చని నీళ్లు మాటిమాటికీ పట్టాలి.

రెండోది రక్తం తాగే నట్ట. దీన్ని హీమాంకస్ అంటారు. నాలుగో పొట్టలో అంటిపెట్టుకుని వుంటుంది. దీని లెక్క వింటే గుండె ఆగుతుంది. ఒక్కో నట్ట రోజుకు 0.05 మిల్లీలీటరు, అంటే ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు నెత్తురు నష్టపరుస్తుంది. అయిదు వందల నట్టలుంటే రోజుకు 25 మిల్లీలీటర్లు. 8 కిలోల పిల్ల ఒంట్లో వుండే నెత్తురు మొత్తం అర లీటరుకు కొంచెం అటూ ఇటూ. ఇక ఆ పిల్ల ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే వేసుకోండి. ఒక ఆడనట్ట రోజుకు అయిదు నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. అవి పేడతో బయటపడి, మన వానాకాలపు వేడికీ తడికీ వారం లోపే పిల్లపురుగులై గడ్డి కొనకు ఎక్కుతాయి. మేక మేసిన మూడు వారాలకు మళ్లీ గుడ్లు.

చాలామంది తప్పు పడే చోటు ఇక్కడే వుంది. ఈ రక్తనట్ట వున్న పిల్ల పారకపోవచ్చు. పెంటికలు చక్కగానే వేస్తుంటుంది. నడుస్తూ నడుస్తూ వెనకబడుతుంది, సాయంత్రానికి దవడ కింద సంచిలా నీరు దిగుతుంది, ఒక తెల్లవారుజామున చచ్చి పడివుంటుంది. "నిన్న మేసిందయ్యా, దిష్టి తగిలింది" అంటారు. దిష్టి కాదు, నెత్తురు అయిపోయింది. దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష వుంది. కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి, పగటి వెలుతురులో లోపలి రంగు చూడాలి. దానిమ్మ గింజ ఎరుపు వుంటే భయం లేదు. లేత గులాబీ అయితే పిల్లలకు మందు పోయాలి. కాగితంలా తెల్లబడితే ఆ రోజే పోయాలి. దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990లలో దీన్ని అయిదు రంగుల అట్టగా చేసి, చదువురాని కాపరులకు కూడా నేర్పారు. మేము పేటలో చూపిస్తే ఒక ముసలాయన నవ్వాడు. "మా అయ్య సంతలో మేకను కొనేప్పుడు ఇదే చూసేవాడు" అన్నాడు.

మూడోది మన డెల్టా సొంత బాధ, జలగలు. కాలువల్లో, వరిమళ్లలో వుండే నత్తల కడుపున పెరిగి, నీటి వార గడ్డికి అంటుకుంటాయి. కార్జానికి పట్టే జలగ ఒకటి, పొట్ట జలగ ఒకటి. పొట్ట జలగల పిల్లదశ చిన్నపేగులో వుండగా, వాసన భరించలేని నీళ్ల పారుడు పెడుతుంది. మామూలు నట్టలమందు ఈ పిల్లదశ మీద పనిచెయ్యదు. దీనికి ఆక్సీక్లోజనైడ్ అనే మందు వేరే వుంది. ఇక పేడలో బియ్యపు గింజల్లాంటి తెల్ల ముక్కలు కనపడితే అవి బద్దెపురుగు తునకలు. చూడటానికి భయంగా వుంటుంది గానీ, మిగతావాటితో పోలిస్తే ఇది చేసే హాని తక్కువే. కంటికి కనపడేదానికి బెదిరి డబ్బు ఖర్చుపెడతాం, కనపడనిది పిల్లను తింటుంది.

జ్వరం వుండి, ముక్కు కారుతూ, నోట్లో పుళ్లు పడి పారుతుంటే ఇవేవీ కావు, అది పి.పి.ఆర్. వైరసు రోగం. దానికి టీకా తప్ప నట్టలమందు లేదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మందు ఖరీదు సంగతికి వద్దాం. అల్బెండజోల్ 1970లలో అమెరికాలో కనిపెట్టారు, ముందు గొర్రెలకు వాడి తర్వాతే మనుషులకు ఇచ్చారు. పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. 2015 నుంచి నులిపురుగుల దినం పేరుతో బడిపిల్లలకు ఊరికే ఇస్తున్న మాత్ర ఇదే. బోదకాళ్ల మందు పంపకంలో డి.ఇ.సి. మాత్రలతో కలిపి ఇచ్చేదీ ఇదే. డి.ఇ.సి. పేరు వచ్చింది గనుక ఒక మాట. ఆ మందు 1947లో బయటికి వచ్చింది. దాని వెనక వున్నది 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా పోయి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావే. పురుగుల మందు మన డెల్టాకు పరాయి విద్య కాదు.

పశువుల సీసాలో వచ్చే అల్బెండజోల్ ద్రావణం ఎక్కువగా 2.5 శాతం. అంటే ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు. మేకకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు కావాలి. 8 కిలోల పిల్లకు మూడు మిల్లీలీటర్ల పైన కొంచెం. ఒక పిల్లకు ఒకసారి పట్టే మందు ఖరీదు రోడ్డు పక్క టీ ఖరీదుకు లోపే. కానీ అదే షాపులో ఇంకో సీసా 10 శాతం వుంటుంది. రెండింటి మూతా ఒకటే సైజు. మూతతో కొలిస్తే ఒకదానికి చాలదు, ఇంకోదానికి నాలుగింతలు పడుతుంది. సీసా మీద శాతం చూడకుండా, చదవడం రాకపోతే పిల్లలతో చదివించుకోకుండా పోయొద్దు. ఇంకో సంగతి, గొర్రె మోతాదు మేకకు చాలదు. మేక ఒళ్లు ఈ మందును గొర్రె కంటే త్వరగా బయటికి నెట్టేస్తుంది. అందుకే గొర్రెకు 5 అయితే మేకకు 10. చాలామంది కాపరులు రెండింటికీ ఒకే లెక్క పోస్తారు. చూలు కట్టి నెల దాటని మేకకు అల్బెండజోల్ వద్దు, డాక్టరును అడిగి ఫెన్‌బెండజోల్ పోయించుకోవాలి.

తక్కువ పోస్తే ఏమవుతుంది? బలహీనమైన నట్టలు చస్తాయి, గట్టివి మిగిలి పిల్లల్ని పెడతాయి. నాలుగైదు సార్లకు ఆ దొడ్డిలో మందు మంచినీళ్లతో సమానం. పాత నట్టలమందులకు రక్తనట్ట లొంగడం లేదని మన దేశంలో 1976లోనే గొర్రెల మీద గమనించి రాశారు. చౌక మందు పనిచెయ్యకుండా పోతే ఆ తర్వాతది ఖరీదైన మందు. నష్టం ఎవరికో చెప్పనక్కర్లేదు. అందుకని మంద మొత్తానికి నెలనెలా పోసే అలవాటు మాని, కనురెప్ప పాలిపోయిన వాటికీ, దవడ వాచిన వాటికీ, పేడ పరీక్షలో గుడ్లు ఎక్కువ కనపడ్డ వాటికీ పోయాలి. అయితే పోసినప్పుడు నిండు మోతాదు పోయాలి. బరువు కంటి అంచనా వద్దు. కంటితో చూసి ఆరు కిలోలన్న పిల్ల కాటా మీద తొమ్మిది తూగడం మేము చూశాం. కాటా ఎక్కడ తెచ్చేది అంటారా? చేపలవాళ్ల దగ్గర, పాత ఇనపసామాను కొనేవాళ్ల దగ్గర వేలాడే కాటా వుంటుంది. పిల్లను సంచిలో పెట్టి తగిలిస్తే అరనిమిషం పని. పోసేటప్పుడు సూది తీసేసిన సిరంజితో, నోటి పక్కనుంచి, తల ఎత్తకుండా మెల్లగా పోయాలి. తల వెనక్కి విరిచి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నట్టలు బతికి పిల్ల చస్తుంది. పెద్ద మేకను కోతకు అమ్మబోయే ముందు లేబుల్ మీద రాసిన రోజుల గడువు పాటించాలి, తినేవాళ్లు కూడా మనవాళ్లే.

ఇంటి మందుల మాట మమ్మల్ని ఎప్పుడూ అడుగుతారు. మైలుతుత్తం నీళ్లు, పొగాకు కాడల కషాయం ఒకప్పుడు ఊళ్లలో పోసేవాళ్లు. ఆ రెండూ కలిపిన మందు మంచి మందులు రాకముందు దేశదేశాల్లో వాడిందే, కొట్టిపారెయ్యలేం. కానీ దాని మోతాదుకూ విషానికీ మధ్య సందు వెంట్రుకవాసి. పసిపిల్లలకు పొయ్యొద్దు. వేపాకు, మోదుగ గింజలు వాడేవాళ్లున్నారు. దవడ వాచిన పిల్లకు వేపాకు నూరి పోసి రెండు రోజులు ఎదురుచూడటమంటే ఆ పిల్లను వదులుకోవడమే అని మా అభిప్రాయం.

ఇక మందు అవసరాన్నే తగ్గించే ఉపాయాలు. పుస్తకాల్లో వుంటుంది, మంచు ఆరాక, పొద్దెక్కాక మేకను మేతకు వదలమని. ఆ మాట నిజమే. నట్టల పిల్లపురుగులు మంచు తడితో గడ్డి కొనకు ఎక్కి, ఎండకు కిందికి దిగుతాయి. కానీ నాట్ల రోజుల్లో ఆరింటికి ఆటో ఎక్కే ఆడకూలీ పదింటికి మేకను ఎలా విప్పుతుంది? చీకటితోనే గట్టు మీద గూటానికి కట్టేసి పోతుంది. సాయంత్రం దాకా అది ఆ తాడు పొడుగున, తన పెంటికల మధ్యే మేస్తుంది. రేపూ అక్కడే. తప్పు ఆమె బద్ధకానిది కాదు, చోటు లేకపోవడానిది. చేలన్నీ సార్వా వరి కింద వుంటాయి. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేస్తారు. ఆ మినుము తీసేదాకా, అంటే ఫిబ్రవరి మార్చిల దాకా, చేలోకి మేకను రానివ్వరు. పోరంబోకులు చెరువులయ్యాయి, చేపల చెరువు గట్టు మీద అడుగు పెడితే కాపలావాడి కర్ర. మిగిలింది కాలువ గట్టు. నత్తలు, తడి, పెంటికలు, ఊరి మేకలన్నీ అక్కడే. మేకల రోగానికి మూలం వెతుక్కుంటూ పోతే భూమి ప్రశ్న దగ్గరికే చేరతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎత్తున్న గట్లన్నిటి మీద మనుషులూ మేకలూ కలిసి వున్నారు. నీళ్లు తీశాక పిల్లలెన్ని పారుకుని పోయాయో ఎవరూ లెక్క రాయలేదు.

వున్న చోటులోనే చెయ్యగలిగింది కొంత వుంది. పసిఫిక్ సముద్రంలో తోంగా అనే దీవుల దేశం వుంది. మనలాగే వేడి, వాన. అక్కడ 1990లలో మేకల మేతను పది మడులుగా చేసి, ఒక్కోదాంట్లో మూడున్నర రోజులు మేపి, తిరిగి ఆ మడికి నెల దాటాకే తెచ్చారు. పెంటికల్లోని గుడ్డు పురుగై గడ్డి ఎక్కేలోపు మేక వెళ్లిపోతుంది, తిరిగి వచ్చేసరికి ఆ పురుగుల్లో ఎక్కువ భాగం ఎండకు చచ్చివుంటాయి. మందు అవసరం బాగా తగ్గింది. మనకు మడులు లేవు గానీ గూటం వుంది. పేటవాళ్లంతా అనుకుంటే గట్టును పది చోట్లుగా గుర్తుపెట్టుకుని మూడు రోజులకోసారి గూటం జరపొచ్చు. ఒక్కరు జరిపితే లాభం లేదు, ఖాళీ అయిన చోట్లోకి పక్కింటి మేక వస్తుంది. కాబట్టి ఇది మాట్లాడుకుని చేసే పని. అలాగే వంతులు. రోజుకొకరు కూలికి పోకుండా మేకలన్నిటినీ పదింటికి తోలుకుపోతే, మిగతావాళ్లు తలా కొంత కలిపి ఆ రోజు కూలి ఇవ్వొచ్చు. ఒక పేటలో ఇది నెలరోజులు నడిచి, ఎవరి మేక ఎవరి చేలో పడిందన్న తగాదాతో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టించే ప్రయత్నంలో వున్నాం.

పిల్లల వరకు తేలిక పని ఇంకోటుంది. నట్టల పిల్లపురుగులు నేలకు జానెడు ఎత్తులోపే ఎక్కువ. అవిశ, సుబాబుల్, తుమ్మ, రావి మండలు కోసి, పిల్ల మెడ చాచితే అందే ఎత్తున తాడుకు కట్టి వేలాడదీస్తే పురుగు లేని మేత. సుబాబుల్ మాత్రం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు. దొడ్డిలో రాత్రిపూట పిల్లలకు ఎత్తు బల్లలాంటిది, వెదురు బద్దలతో కొట్టినదైనా వుంటే పెంటికలు కిందికి రాలిపోతాయి, కాక్సీడియా సగం అక్కడే ఆగుతుంది. నీళ్ల కుండను కాలు పెట్టలేని ఎత్తున కట్టాలి.

ప్రభుత్వం చెయ్యవలసింది చెప్పకుండా ఇదంతా పేదవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం పశు ఔషధి పేరుతో చౌక జనరిక్ మందులకు 75 కోట్లు కేటాయించింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలే 14.88 కోట్లు. ఆవుల్నీ గేదెల్నీ గొర్రెల్నీ పక్కన పెట్టి మొత్తం డబ్బు మేకలకే ఇచ్చినా తలకు అయిదు రూపాయలు. ఊరూరా 2020లో పెట్టిన రైతు భరోసా కేంద్రాలకు 2024లో రైతు సేవా కేంద్రాలని పేరు మారింది. 1962కు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్యశాలలు 2022లో మొదలయ్యాయి. పేర్లూ బండ్లూ మారితే మాకు అభ్యంతరం లేదు. మేము అడిగేది చిన్నది. పేడ పరీక్షకు సూక్ష్మదర్శిని, ఉప్పు నీళ్లు, పావుగంట తీరిక కావాలి. ప్రతి పశువుల ఆస్పత్రిలో వారానికి రెండు రోజులు ఆ పావుగంట వుండాలి, ఆ రోజులేవో గోడ మీద రాయాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల వుంది, పరాన్నజీవుల చదువు చెప్పే గురువులున్నారు. ఆ విద్యార్థులు వానాకాలంలో నాలుగు ఆదివారాలు కాలువ గట్టు పేటలకు వస్తే వాళ్లకూ చదువే, మాకూ మేలే. సామూహిక నట్టల నివారణ అని సీసాలు పంచేటప్పుడు దాంతో పాటు ఊరికొక కాటా, గీతలున్న సిరంజిలు పంచాలి. మేకకు మోతాదెంతో సీసా మీద తెలుగులో పెద్దక్షరాల్లో రాయాలి.

ఆ అక్క ఇంటి ముందు చింతచెట్టుకు పోయిన ఆదివారం కాటా కట్టాం. పేటలో పిల్లలన్నీ కలిపి ఇరవై మూడు తూచాం. వాటిలో ఏడింటికే మందు పోశాం. మూడో పిల్ల పదకొండు కిలోలు తూగింది. నాలుగోది ఎనిమిది దగ్గరే ఆగింది, కనురెప్ప ఇంకా తెల్లగానే వుంది. దాని పెంటికలు కవరులో కట్టి ఆమె సోమవారం పొద్దున్నే, పనిలోకి పోకుండా, ఆస్పత్రికి పట్టుకుపోతానంది. ఆ రోజు కూలి మిగతావాళ్లు వేసుకున్నారు.